తనిఖీ రోజు బస్సు

మూడేళ్లు మా కాలేజీలో చదివిన సవిత డిగ్రీ చెల్లదని, నారాయణఖేడ్‌లో ఆ కోర్సు నడపడానికి అసలు అనుమతే లేదని దవాఖానలో ఆమె కాగితాలు చూసినవాళ్లు తేల్చారు. డిగ్రీ ఇచ్చే హైదరాబాద్ యూనివర్సిటీ ఆ కోర్సును తన ఆవరణలోనే చెప్పాలి. మా లాంటి బయటి కాలేజీతో ఒప్పందం చేసుకుని నడపడం కుదరదు. ఆ దవాఖానలో సవితకు చేతికొచ్చిన ల్యాబ్ ఉద్యోగం ఆగిపోయింది.

మర్నాడు అరవై రెండు మంది విద్యార్థులు తల్లిదండ్రులతో కలిసి గేటు ముందు కూర్చున్నారు. వాళ్లకు పాఠాలు చెప్పిన నేను గేటు లోపల నిలబడ్డాను.

కాలేజీ యజమాని పంచాక్షరి గేటు దగ్గరికి కుర్చీ తెప్పించుకున్నాడు.

"కేసు పెడ్తరా? పెట్టుండ్రి. ఆఫీసర్ల తనిఖీ ఉన్నప్పుడల్లా బస్సెక్కి యూనివర్సిటీకి పోయిందెవరు? ఆడ గూసొని, 'మేం ఈడనే చదువుతున్నం' అని సంతకం పెట్టిందెవరు? జైలుకు ముంగట పోయేది మీరే."

నిజమే. పిల్లలకది టూరు. పులిహోర పొట్లాలు, జోగిపేట దాటేదాకా పాటలు.

విద్యార్థుల్లోంచి సాయికుమార్ లేచి చెప్పులేసుకున్నాడు. "పోదాం పాండ్రి. మనం గూడ దొంగలమే."

"కూసోరా," అంది సవిత తల్లి భీమమ్మ. కంగ్టి నుంచి పటాన్‌చెరు పోయి ఇటుకలు మోసిన మనిషి. "అబద్ధం అందరు కల్సే చెప్పిన్రు గద. నిజం గూడ కల్సే చెప్పుండ్రి. ఇంతమందిని ఏ జైల్ల వెడ్తడో జూస్త."

"జైల్ల కూరన్న మంచిగుంటదా అవ్వా?" అన్నారెవరో.

"మీ హాస్టల్ చారు కన్న నయమే."

నవ్వారు. ఆ నవ్వుతోనే లేచి ఆర్డీవో ఆఫీసుకు నడిచారు. నేనూ గేటు దాటి వాళ్ల వెనకే వెళ్లాను.

ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కరూ రాశారు: నేను అబద్ధం చెప్పాను. మొదటి కాగితం సాయికుమార్‌దే.

అధికారి అన్నీ తిరగేశాడు. "ఒప్పుకున్నరు, సరే. పంచాక్షరి చెప్పించిండని రుజువేది? గిట్లనే ఇస్తే కేసు మీ మీదనే పడ్తది."

ఒక్కరూ కాగితం వెనక్కి తీసుకోలేదు. సవిత నా వైపు చూసింది.

నేను ముందుకు వెళ్లాను.

"రాసుకోండి సార్. నా పేరు సోమనాథ్. అనుమతి లేదని మొదటి ఏడాదే నాకు ఎరుక. నౌకరి పోతదని నోరు మూసుకున్న. పంచాక్షరి చెప్పిండు, నేను చేసిన. ఆయన పంపిన మెసేజులన్నీ ఈ ఫోన్ల ఉన్నయ్. ఆఫీసర్లు ఏమడిగితే ఏం చెప్పాల్నో, బస్సుల నిలవడి ఒక్కొక్కరితోని వల్లె వేయించింది నేనే. సవిత ఒక్కతే అడిగింది, 'ఇది తప్పు గాదా సార్' అని. గాదు అని చెప్పిన."