చదవాల్నా, అప్పజెప్పాల్నా?

తనిఖీ అనే మాట చెవిన పడ్డప్పటి నుంచి కురుమూర్తి పంతులుకు అన్నం సహించడం లేదు. కోడేరు అవతల అతను పనిచేసే పల్లెకు బడుల ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వస్తాడు. ఈసారి కొత్త పద్ధతి పెట్టాడట. పోయినేడు చదివిన పిల్లలనే మళ్లీ నిలబెట్టి, అదే పుస్తకం చేతికిస్తాడట. ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకు పోతే పంతులు అంత పనిమంతుడు. వెనక్కి పోయారా, పంతులు ఇంటికి. పక్క ఊరి పంతులు అప్పుడే మూటాముల్లె సర్దుకున్నాడు.

"పిల్లగాండ్లకు సదువు మంచిగనే వస్తుంది గద, నీకెందుకు పరేషాన్?" అంది భార్య ఈదమ్మ.

మంచిగా రావడమే కొంప ముంచేది. పోయినేడు ఇతను కొలువులో చేరీ చేరకముందే తనిఖీ వచ్చిపడింది. అక్షరాలు నేర్పే వ్యవధి లేక పాఠాలన్నీ పిల్లల చేత బట్టీ పట్టించాడు. వాళ్లు పుస్తకం ముందు పెట్టుకుని గడగడా అప్పజెప్పేస్తే, అది చదువే అనుకుని ఇన్‌స్పెక్టరు మురిసిపోయాడు. ఆ తర్వాత పంతులు మహానుభావుడికి సిగ్గేసింది. అ ఆల నుంచి మొదలుపెట్టి నిజంగానే నేర్పాడు. ఇప్పుడు ఏ పేజీ తీసినా పిల్లలు చదువుతారు. కాకపోతే కూడబలుక్కుంటూ, మెల్లగా. ఈ నత్తనడక చూసి పిల్లలు ముందుకు పోయారని ఎవరంటారు?

తనిఖీ రోజు అనుకున్నంతా అయింది. ముందుగా లేచిన పాండు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు వాక్యాలు చదివేసరికి ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది.

"ఏందిది పంతులూ? పోయినేడు గుర్రం లెక్క ఉరికిండు. ఏడాదంత ఏం జేసినవ్?"

కురుమూర్తి ఇరకాటంలో పడ్డాడు. నిజం చెబితే పోయినేటి మోసం బయటపడుతుంది. చెప్పకపోతే ఈ ఏడంతా నిద్రపోయినట్టు లెక్క. ఎటు చూసినా కొలువుకు నీళ్లు వదులుకోవడమే.

తర్వాత జంగయ్య బిడ్డ బాలనాగమ్మ లేచింది. చదువంటే ప్రాణం ఆ పిల్లకు. పుస్తకం తెరిచి, ఎందుకో ఆగి, పంతులు వైపు తిరిగింది.

"సదవాల్నా సారూ, అప్పజెప్పాల్నా?"



"రెండిట్ల ఏం ఫరక్ ఉంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కళ్లు చిన్నవి చేసి.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కురుమూర్తి నోరు తెరిచాడు కూడా. కానీ భయం ముందుగా మాట్లాడేసింది.

"అప్పజెప్పు బిడ్డా."

బాలనాగమ్మ అతన్ని ఒక్కసారి చూసింది. పుస్తకం మూసింది. చేతులు కట్టుకుని పాఠమంతా తడుముకోకుండా అప్పజెప్పింది.

"శాబాష్!" ఇన్‌స్పెక్టరు తొడ చరిచాడు. "పోయినేడు పుస్తకం చూడాల్సొచ్చింది, ఇప్పుడు పుస్తకమే అక్కర్లేదు. ముందుకు పోవుడంటే గిది! అందరికీ గిట్లనే నేర్పు పంతులూ, వచ్చేయేడు మల్ల చూస్త."

కొలువు నిలిచింది. కురుమూర్తి ఆయన్ని బండెక్కించి, వంగి వంగి దండాలు పెట్టి వచ్చాడు.

బాలనాగమ్మ ఇంకా నిలబడే ఉంది.

"రేపటిసంది పుస్తకం తేవాల్నా సారూ, వద్దా?"

"మెల్లగ మాట్లాడు బిడ్డా" అన్నాడు కురుమూర్తి, వాకిలి వైపు చూస్తూ. "బండి ఇంక ఊరు దాటలే."