అతుకు మీది వేలు

“నీ వేళ్లు సన్నం, ఆ సందులోకి బాగా పడతాయి” అన్నాడు భర్త. తొమ్మిదేళ్ల కాపరంలో అతని నోట వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. అత్తగారు చనిపోయిన ఏడాది, తమ కార్ల రిపేరు షెడ్డులో పనివాడు మానేసిన రోజున అన్నాడు. ఆ మాటకి మురిసి షెడ్డులో అడుగుపెట్టింది పిచ్చిది. నాలుగేళ్లైంది, ఇంకా బయటపడలేదు. వంట ముగించి, పిల్లను బడికి పంపి, కారు కింద దూరడం. చక్రం మీది మడ్‌గార్డు లోపల రేకులు కలిసే అతుకుకి నీరు దిగకుండా సీలెంట్ ముద్ద పుయ్యాలి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో దాన్ని నున్నగా దువ్వాలి, ఆరాక పైన నల్లటి ట్రిమ్ పట్టీ బిగించాలి. ట్రిమ్ పడ్డాక ఆ పని ఎవరికీ కనబడదు, చేసిన మనిషీ కనబడదు. “మా ఆవిడా? ఇంట్లోనే ఉంటుందండీ” అంటాడు ఎవరడిగినా. అబద్ధమనడానికీ లేదు, షెడ్డు ఇంటి గోడకి ఆనుకునే ఉంది మరి.

ఆ ఉదయం ఆమె పట్టిన పాత కారు ఒక రిటైరైన మాస్టారిది. గుద్దుకున్న వైపు కొత్త రేకు వేశారు, దాని అతుకులు ఆమె నిన్ననే పూర్తిచేసింది. రెండోవైపు బాగానే ఉంది. “ఇటువైపు ఇరవై ఏళ్ల కిందట మీ నాన్నగారు చేసిందేనోయ్. ఇప్పటికీ చుక్క నీరు దిగలేదు” అన్నాడు మాస్టారు.

భర్త ఛాతీ ఉబ్బింది. “మా నాన్న చెయ్యి అలాంటిదండీ. అయినా పాతబడింది కదా, గీకించి కొత్తది వేయిస్తాను.”

వేయిస్తాడట. ఎవరిచేతో మాత్రం చెప్పడు.

ఆమె కిందికి దూరి పాత ట్రిమ్ ఊడదీసి లైటు పెట్టింది. గీకబోయిన చెయ్యి ఆగిపోయింది. అతుకు పొడుగునా ఒకే వేలి జాడ. సన్నటి వేలు. వంపు తిరిగే చోట ఆగి, ఒక నొక్కు నొక్కి, మళ్లీ సాగింది. మామగారి బండవేళ్లు ఈ సందులో పట్టనే పట్టవు. తన వేలు పెట్టి చూసింది. అచ్చంగా సరిపోయింది. తనూ రోజూ అక్కడే నొక్కుతుంది, ఎవరూ నేర్పకుండానే.

ఆ నొక్కు ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. ఆఖరి రోజుల్లో అత్తగారు నీళ్లగ్లాసులో వేలు ముంచి మంచంపట్టె దువ్వుతూ ఉండేది. మూల దగ్గర ఆగి నొక్కేది, మళ్లీ ముంచేది. “అమ్మకి మతి పోయింది, గ్లాసు తీసెయ్” అన్నాడు భర్త. తీసింది తనే. అప్పుడు ముసలామె వేలు నోట్లో తడుపుకుని దువ్వింది. ఒకసారి కోడలి మణికట్టు పట్టుకుంది కూడా. “నీకు ఏ పని చేతనవునో వీళ్లకి తెలియనివ్వకే. తెలిస్తే నిన్ను అందులోనే పెట్టి మూసేస్తారు.” అత్త ఏమన్నా సాధింపేననుకునే వయసు తనది. తను కాపరానికి వచ్చేసరికే ఆవిడ మోకాళ్లు పోయి ఉన్నాయి. ఎలా పోయాయో ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. గ్లాసు తీసిన చేత్తోనే గీకే కత్తిని పక్కన పెట్టేసింది.

మొన్న అన్నం తింటూ కూతురు తడివేలితో బల్ల అంచు దువ్వింది. మూల దగ్గర ఆగింది. తండ్రి చూసి నవ్వాడు. “దీని వేళ్లూ సన్నమే!”

“అయిందా? మాస్టారు కూర్చునున్నారు” అంటూ భర్త వంగి చూశాడు.

“ఇది గీకను. అత్తయ్య చేసింది.”

అతను గొంతు తగ్గించాడు. “అమ్మ ఏదో చేతిసాయం చేసేది. ఇప్పుడవన్నీ ఎందుకు?”

అంటే తెలుసన్నమాట. అన్నేళ్లూ తెలుసు.

ఆమె బయటికి వచ్చి, చేతులు తుడుచుకోకుండానే పిలిచింది. “మాస్టారూ, ట్రిమ్ బిగించకముందే ఒకసారి వంగి చూడండి.”

మాస్టారు మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగాడు. భర్త ఏదో అనబోయాడు. ఆమె అతని వైపే చూస్తూ చెప్పింది.

“ఇటువైపు మా అత్తగారి చెయ్యి. అటువైపు నాది. నా తర్వాత మూడో చెయ్యి ఉండదు.”