ఆరు గంటల్లోపు

నన్ను ఎవరూ చేత్తో రాయలేదు. అయినా నేను ఒక ఉత్తరాన్ని. నాకు కాగితం లేదు, సిరా లేదు, తపాలా ముద్ర లేదు. ముఖం మాత్రం ఉంది. అది దొంగిలించినది.

ఎక్కడ పుట్టానో చెప్పలేను. కిటికీలు మూసిన ఒక గది, వరుసగా కంప్యూటర్లు, వాటి ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోని మనుషులు, ఇంతే గుర్తు. మొదట నేను లాటరీ తగిలిందన్న శుభవార్తను. నన్ను చూసి జనం నవ్వుకుని వదిలేశారు. విసుగొచ్చి నా యజమాని నన్ను ఇంకొకడికి అమ్మేశాడు. అతని దగ్గర కొన్నాళ్ళు మీ పార్సిల్ ఆగిపోయిందన్న కబురుగా తిరిగాను. మూడోవాడు తెలివైనవాడు. మనుషులు సంతోషాన్ని అనుమానిస్తారనీ, భయాన్ని మాత్రం వెంటనే నమ్ముతారనీ అతనికి తెలుసు. నాలోని తీపి మాటలన్నీ తుడిచేసి ఒక బ్యాంకు గుర్తునూ, ఆ బ్యాంకు రంగునూ, అడుగున మేనేజరు సంతకంలాంటి ఒక గీతనూ అతికించాడు. "ప్రియమైన ఖాతాదారు, మీ వివరాలు సరిచూడబడలేదు. ఈరోజు సాయంత్రం ఆరు గంటల్లోపు సరిచేయనిచో మీ ఖాతా నిలిపివేయబడును" అని రాశాడు.

నా పొట్టలో ఒక నీలం బొత్తం ఉంది. దాన్ని నొక్కితే తలుపు తెరుచుకుని బ్యాంకు కనిపిస్తుంది. కానీ అది ముందు గోడ మాత్రమే. దాని వెనక గదులు లేవు, గుమాస్తాలు లేరు, దీపం లేదు. గోడ అవతల ఎవరో నిలబడి ఉంటారు. వాళ్ళ ఊపిరి నాకు వినిపిస్తుంది.

ఒక శ్రావణ మాసపు మధ్యాహ్నం నన్ను వదిలారు. ఒకే క్షణంలో నేను నలభై వేల ఫోన్లలో ఉన్నాను. చాలామంది నన్ను తెరవనే లేదు. కొందరు ఒక్క వేలితో పక్కకు తోసేశారు. నాలుగు గంటలకు ఒక రేకుల ఇంట్లో ఎవరో నన్ను తెరిచారు. అక్కడ వెలుతురు కనిపించింది.

నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. పైన రేకు కారుతోంది. తునికాకు తడవకుండా మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. అది భూదవ్వ ఇల్లు. ముప్పై ఏళ్ళు ఆమె పేరున కార్ఖానాలో బీడీ కార్మికురాలి కార్డు ఉండేది. ఇప్పుడు ఆమె, కోడలు రవళి పేరున ఉన్న కార్డు మీద చుడుతోంది. ముప్పై ఏళ్ళ పీఎఫ్ డబ్బు పోయిన వారమే ఆమె ఖాతాలో పడింది. వానలు తగ్గగానే ఆ డబ్బుతో ఇంటి మీద స్లాబు వేయించాలి. ఆకు తడిస్తే బీడీ పాడు, బీడీ పాడైతే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే ఆమెకు స్లాబంటే నీడ ఒక్కటే కాదు, తిండి కూడా.

పీఎఫ్ కోసమే రవళి తన అత్త ఫోనులో ఈమెయిల్ ఖాతా తెరిచింది. చేతులకు తంబాకు ఉంటుంది కాబట్టి భూదవ్వ ఫోను ముట్టదు. వచ్చిన కబురు ఏదైనా కోడలు పైకి చదవాలి, అందరూ వినాలి. అది ఆ ఇంటి పద్ధతి.

రవళి నన్ను చదివింది. చాటలు ఆగిపోయాయి.

"ఆరు గంటల్లోపంటనా?" అంది భూదవ్వ. "ఇప్పుడెంతయిందే?"

"నాలుగు దాటింది అత్తమ్మా."

ముప్పై ఏళ్ళుగా ఆమె గడియారానికి లొంగి బతికింది. కార్ఖానా తలుపు మూసేలోపు కట్టలు అందకపోతే ఎంత మంచి బీడీనైనా వెనక్కి పంపేస్తారు. అక్కడ ఎందుకని అడిగేవాళ్ళు ఉండరు, పరుగెత్తేవాళ్ళే ఉంటారు. నన్ను తయారుచేసినవాడు ఈ సంగతి ఎరగడు. గుడ్డిగా విసిరిన రాయి ఆమెకు సరిగ్గా తగలరాని చోట తగిలింది.

"జల్ది నొక్కు బిడ్డా. స్లాబు పైసలు ఆగిపోతయ్."

నీలం బొత్తం నొక్కారు. తలుపు తెరుచుకుంది. రవళి అత్త ఏటీఎం కార్డు మీది అంకెలన్నీ ఒక్కొక్కటే కొట్టింది, వెనకవైపు ఉన్న మూడు అంకెలు కూడా. గోడ అవతల ఊపిరి ఆగింది. నాకు చలి వేసింది. ఉత్తరాలకు చలి వేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఫోను టింగుమంది.

"ఓటీపీ వచ్చింది అత్తమ్మా. ఆరంకెలు కొట్టమంటున్నడు."

"కొట్టు మరి!"

మూల కూర్చున్న పక్కింటి సాయవ్వ కట్టకు దారం చుడుతూనే అంది. "ఆగుండ్రి. ఏం రాసిండో మొత్తం సదువు పిల్లా. అంకెలొక్కటే సదువుతవేంది?"

"నీకెందుకే సాయవ్వా? పైసలు నాయి, తిప్పలు నాది!"

"పైసలు నీయే వదినె. నాకేమన్న ఇస్తవా? చెవులు మాత్రం నాయి, ఇననియ్యి."

ఎవరో నవ్వారు. రవళి మెసేజీ మొత్తం తెలుగులో చెప్పింది. "మీ కార్డు మీద లక్ష రూపాయల కొనుగోలుకు ఈ ఓటీపీ. ఎవ్వరికీ చెప్పొద్దు, బ్యాంకోళ్ళు అడిగినా చెప్పొద్దు అని ఉంది."

సాయవ్వ చేతిలోని కట్టను చాటలో పెట్టింది.

"కొనుగోలా?" అంది సాయవ్వ. "వదినె ఏం కొన్నదే? ఖాతా ఆగకుండ చేస్తా అన్నోడు లక్ష రూపాయలెందుకు తీస్తుండు? ఆ మొదటి చిట్టిల వదినె పేరున్నదా?"

రవళి వెనక్కి వచ్చి నన్ను మళ్ళీ చూసింది. పేరు లేదు. భూదవ్వకూ సాయవ్వకూ నలభై వేల మందికీ ఒకటే పిలుపు, ఖాతాదారు. తర్వాత ఆమె పైనున్న బ్యాంకు పేరు మీద వేలు పెట్టింది. దాని కింద దాగిన నా అసలు చిరునామా బయటపడింది. ఏ బ్యాంకుకూ సంబంధం లేని అక్షరాల కుప్ప. నా ముఖం ఊడి కింద పడినట్టయింది.

"అత్తమ్మా, వీడు బ్యాంకోడు కాదు."

భూదవ్వ చేతిలోని ఆకు నేల మీద పడింది. "కార్డు నంబరు ఇచ్చినం గదనే!"

రవళి నా అడుగున రాసిన సహాయం నంబరుకు ఫోను చేయలేదు. కార్డు తిప్పి, వెనక అచ్చు వేసిన నంబరుకు చేసింది. పాటలు విన్నది, అంకెలు నొక్కింది, మళ్ళీ పాటలు విన్నది. అంతసేపూ భూదవ్వ తంబాకు చేతులను గాలిలోనే పట్టుకుని కూర్చుంది. చివరికి కార్డు ఆపేశామనీ, డబ్బు అలాగే ఉందనీ అవతలివారు చెప్పారు. గోడ వెనక ఊపిరి కాసేపు ఎదురుచూసి, ఇంకెక్కడికో వెళ్ళిపోయింది.

నన్ను చెత్తబుట్టలో వేస్తారనుకున్నాను. భూదవ్వ వేయనివ్వలేదు. మూడో రోజు రవళితో కలిసి కట్టలు అప్పజెప్పడానికి వెళ్ళినప్పుడు కార్ఖానా వరండాలో నన్ను తెరిపించి ముప్పై మంది ఆడవాళ్ళకు చూపించింది. సంతకంలాంటి గీతను చూసి ఒకామె "నా మనుమడు ఇంతకన్న మంచిగ గీస్తడు" అంది. అందరూ నవ్వారు. ఒక్కొక్క మనిషిని ఒంటరిగా పట్టుకోవడానికి నన్ను తయారుచేశారు. ముప్పై జతల కళ్ళ ముందు ఎలా నిలబడాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ ముప్పై మందిలో ఒకామె నవ్వలేదు. పేరు ఎల్లుబాయి. అందరూ లేచి లోపలికి కదులుతుంటే ఆమె అక్కడే ఉండిపోయింది.

"ఆ అంకెలు కొట్టినోళ్ళ సంగతేందే?" అని నేల చూస్తూ అడిగింది.

"ఎప్పుడు కొట్టినవ్?" అంది భూదవ్వ.

"ఇయ్యాల పొద్దుగాల. గప్పుడే సూసిన, ఇయ్యాలనే ఆఖరనుకున్న. ఇంట్ల ఎవ్వలకూ చెప్పలే. సిగ్గయింది."

లోపల బీడీల చెకింగ్ మొదలైంది. తలుపు మూసేస్తామని ఎవరో కేకేశారు. భూదవ్వ తన కట్టల గంప కింద పెట్టి ఆమె పక్కన కూర్చుంది.

"మూస్తే మూయనియ్యి. రవళీ, సైబర్ దొంగల మీద ఫిర్యాదుకు బ్యాంకోళ్ళు చెప్పిన నంబరు, పంతొమ్మిది ముప్పైకి కొట్టు. ఆలస్యం చేస్తే పోయిన పైసలు చేతికి రావంటరు."

రవళి నన్ను పక్కకు జరిపి ఆ నాలుగు అంకెలు నొక్కింది. ఎల్లుబాయి ఫోనుకు చెవి ఆనించింది. అవతల మోగుతోంది.