మునిలక్ష్మమ్మ బెదురు

తమిళనాడులో హోసూరు పక్కనున్న కెలమంగలం దగ్గర పట్టుపురుగులు పెంచే ఇళ్లలో నాగేశప్పది ఒకటి. అతని భార్య మునిలక్ష్మమ్మకు బెదురు ఎక్కువని బంధువులందరికీ తెలుసు. పెళ్లిలో బాజాలు గట్టిగా మోగినా, ఇంటి ముందు కుక్కలు కొట్లాడుకున్నా రొమ్ము మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకునేది. "మా ఆమెది పిచ్చుక గుండె" అని నాగేశప్ప నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

లోపల జరిగేది మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. మొదట గుండె ఒకసారి కొట్టుకోవడం మానేసినట్టుండేది. తర్వాత లోపలి నుంచి ఎవరో ఒక గుద్దు గుద్దినట్టు. ఆ వెంటనే, గంప కింద మూసిన కోడి రెక్కలు కొట్టుకున్నట్టు టపటపా మొదలయ్యేది. మల్బరీ ఆకు కోస్తూ నింపాదిగా ఉన్నప్పుడు కూడా వచ్చేది. అప్పుడు ఆమె తాను దేనికి భయపడిందా అని వెతుక్కునేది. కొడుకు కార్తిక్ హోసూరు ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదనో, మబ్బు పట్టి ఆకు తడుస్తుందనో ఏదో ఒకటి దొరికేది. ఒకసారి ఆడవాళ్ల సంఘానికి లీడరుగా ఉండమని అడిగారు. నలుగురి ముందు లేచి నిలబడగానే దడ పట్టుకుంది. నా వల్ల కాదని కూర్చుండిపోయింది.

పురుగులు ఆబగా ఆకు తినే రోజులవి. మునిలక్ష్మమ్మ ఆకు మూట నెత్తిన పెట్టుకుని షెడ్డు దాకా వచ్చి, మూట దించకుండానే గడపలో కూలబడింది. లోపల పురుగులకు ఆకు పరుస్తున్న కోడలు కావ్యశ్రీ పరుగున వచ్చి మూట తీసి, అత్త వీపు నిమిరింది. వీపు మీద పెట్టిన చేతికే గుండె కొట్టుకోవడం తెలిసింది. వరస లేకుండా, ఆగి, మళ్లీ ఎగిరి కొడుతోంది.

"ఏమిటికి భయపడినావు అత్తా?"

మునిలక్ష్మమ్మ ఆలోచించింది. ఈసారి ఏమీ దొరకలేదు. "దేనికీ లేదు కావ్యా. ఊరికేనే వచ్చింది."

నాగేశప్ప వచ్చి, "దానికి మొదటి నుంచి అంతేనమ్మా. మంత్రించి తాయెత్తు కట్టిస్తే పోతుంది" అన్నాడు.

"తాయెత్తు కట్టించు మామా, నేను వద్దనలే. ముందు హోసూరు పోయి చూపించుకొని వస్తాం" అంది కావ్యశ్రీ.

హోసూరులో డాక్టరమ్మ ఆమెను ఎడమ పక్కకు తిరిగి పడుకోమని చాలాసేపు గుండె విన్నది. ఈసీజీ తీసి, స్కాన్ చేసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగింది.

"చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు వాచినాయామ్మా?"

"వాచినాయి. నడవలేకపోతే మా అమ్మ చంకన ఎత్తుకొని తిప్పింది."

"ఆ జ్వరమే గుండెలో ఒక వాల్వును చెడగొట్టింది. వాల్వంటే తలుపు మాదిరి, అది సగమే తెరుచుకుంటా ఉంది. రక్తం ఆడ ఆగిపోయి గుండె తాళం తప్పుతా ఉంది. మీకు దడ వచ్చేది దానివల్లనే."

"అయితే నాది బెదురు కాదా?"

"కాదమ్మా."

మాత్రలు ఎట్లా వేసుకోవాలో, కళ్లు తిరిగితే వెంటనే ఎందుకు రావాలో కావ్యశ్రీ అడిగి తెలుసుకుంది. బస్టాండులో కూర్చున్నాక మునిలక్ష్మమ్మ నెమ్మదిగా అంది: "ఆ పొద్దు సంఘంలో నేను భయపడలేదేమో కావ్యా. నేనే అట్లనుకొని కూచుండిపోయినాను."

కావ్యశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది.

కొన్ని వారాలకు బెంగళూరులో తొడ దగ్గరి నరం గుండా బుడగ పంపి వాల్వును వెడల్పు చేశారు. దడ పూర్తిగా పోలేదు, కానీ అరుదైంది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. రక్తం పలచన చేసే మాత్ర ఒకటి మానకుండా వేసుకోవాలన్నారు.

చూడటానికి వచ్చిన వీరప్ప అనే బంధువు కాఫీ తాగుతూ, "పిచ్చుక గుండెకు ఇప్పుడు ఎట్లుందప్పా?" అని నవ్వాడు.

నాగేశప్ప నవ్వలేదు. "అది బెదురు కాదు వీరప్పా. వాల్వు ఇరుకై ఉన్నింది. ఆ గుండెతోనే ఇన్నేళ్లు ఆకు మోసింది" అన్నాడు. లోపల పళ్లెం కడుగుతున్న మునిలక్ష్మమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

వానలు తగ్గాక, గురుబరపల్లిలో ఉండే అక్కను చూసి వస్తానని ఆమె ఒక్కతే బయలుదేరింది. హోసూరులో ఆ ఊరి మీదుగా పోయే కృష్ణగిరి బస్సెక్కింది. హైవే మీద ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. బస్సు కీచుమని పక్కకు తిరిగింది. జనం కేకలు పెట్టారు. మునిలక్ష్మమ్మ ముందు సీటు కమ్మీని పట్టుకుంది. గుండె దడదడ కొట్టుకుంది. కొట్టుకోవడం వేగంగానే ఉంది కానీ వరస తప్పలేదు. లారీ దాటి బస్సు మళ్లీ సాగేసరికి దానంతటదే నెమ్మదించింది.

పక్క సీటులో ముసలామె అరవంలో, భయపడ్డావా అమ్మా, అని అడిగింది.

"ఆ, బలే భయమేసింది!" అంది మునిలక్ష్మమ్మ తెలుగులోనే, ముఖమంతా నవ్వుతూ.