యజమాని గడిలో రాసిన మాట

ఆ ఆఫీసులో అందరూ ఆమెని ప్రశ్నలమ్మ అనేవాళ్ళు. వయసు చిన్నదే. కానీ పనే అది మరి, పొద్దస్తమానం ప్రశ్నలు రాయడం. మనుషుల్ని కాదు, మిషన్లని అడగడం. క్లౌడ్ అంటారు చూడండి, పేరుకే మబ్బు, అక్కడ వానా లేదు చినుకూ లేదు. ఎక్కడో దూరాన పెద్దపెద్ద షెడ్లలో కంప్యూటర్లు వరసగా పేర్చి అద్దెకిస్తారు. ఈ కంపెనీవి కూడా అక్కడ బోలెడు తిరుగుతున్నాయి. ఏది ఎందుకు తిరుగుతోందో, దేని తలుపు బార్లా తీసుందో వెళ్ళి చూడ్డానికి కుదరదు కదా. అందుకని ఈమె ప్రశ్న రాస్తుంది. "తలుపు వెయ్యనివి ఏవేవో చెయ్యెత్తండి" అన్నట్టన్నమాట. ఎత్తినవి తెర మీదకొచ్చి వరసగా నిలబడతాయి.

ప్రతి మిషనుకీ రెండు గడులు. ఒకటి తయారుచేసిన మనిషి పేరు, అది దానంతటదే పడిపోతుంది. రెండోది యజమాని, అంటే ఇకముందు దాని బాగోగులు చూసేదెవరని. అది మాత్రం చేసినవాళ్ళే తమ చేత్తో రాయాలి. రాస్తారా? ఖాళీగా వదిలేసి టీకి పోతారు.

పెద్దసారుకి ఒళ్ళు మండింది. "ఇకమీదట పెట్టేవాటిల్లో ఖాళీ గడులన్నీ పట్టుకో. పట్టుకున్న ప్రతిదాని మీదా గుర్తు వెయ్యి" అన్నాడు. సరేనని ప్రశ్నలమ్మ ఓ ప్రశ్న రాసింది. అది ఎవరూ పిలవకుండానే మాటిమాటికీ వెళ్ళి కొత్తగా పెట్టిన మిషన్లన్నిటినీ అడిగొస్తుంది. గడి ఖాళీగా కనిపిస్తే అందులో ఓ మాట రాసి మరీ వస్తుంది. ఏ మాట రాయాలి? "పేరు లేదు" అని పెట్టింది. రెండు మాటలయ్యేసరికి గడిలో పట్టక తెగిపోతోంది. విసుగొచ్చి రెంటినీ కలిపి నొక్కేసి ఒక్క మాట చేసింది. "లేరు."

మొట్టమొదట దొరికింది పొడుగాయన మిషను. ఆఫీసు పెట్టినప్పట్నుంచీ ఉన్న మనిషి, ఏ గుమ్మంలోనైనా తల వంచే రావాలి ఆయన. తెర మీద పడింది. తయారుచేసింది పొడుగాయన, యజమాని లేరు.

ఆమె కుర్చీ ఇటు తిప్పి, "ఏం సార్, మీరు లేరటగా!" అంది నవ్వుతూ.

"నేను లేకపోతే నీకు తలనొప్పి ఎవరు తెస్తారమ్మాయ్? ఉన్నాన్లే. సాయంత్రం రాస్తా నా పేరు."

సాయంత్రం దాకా ఆగలేదు. మెట్ల మీదే కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

గుండె అన్నారు. అందరూ ఏడ్చారు, ఈమె కూడా ఏడ్చింది. వేళాకోళానికి అన్న మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది, అంతే. అంతకుమించి ఎవరికైనా ఏం తోస్తుంది?

తర్వాత పై అంతస్తులో ఎప్పుడూ నవ్వుతూ తిరిగే నవ్వులావిడ మిషను పడింది. పొద్దున తెర మీద లేరు అని పడింది, మధ్యాహ్నానికి కబురొచ్చింది. రోడ్డు దాటుతుంటేనట.

అప్పుడు అనుమానం పుట్టింది ప్రశ్నలమ్మకి. ఎవరితో చెప్పుకుంటుంది? తన ప్రశ్న తనే విప్పుకుని చదువుకుంది. ఎక్కడా చుక్క తేడా లేదు. ఎందుకైనా మంచిది, ఆపేద్దామని చెయ్యి పెట్టబోయింది. వెనకనించి పెద్దసారు, "భలే పనిచేస్తోందమ్మా నీ ప్రశ్న, దాని జోలికి పోకు" అన్నాడు. చెయ్యి తీసేసింది.

మర్నాడు ఎండ ఇంకా కిటికీ దాకా ఎక్కలేదు, తెర మీద కొత్త వరస. తయారుచేసిన పేరు చూసింది. తన తమ్ముడు.

సొంత తమ్ముడేనండీ. అదే కంపెనీ, ఊరవతల వేరే బిల్డింగు. సెలవు మీద పోయి ముందురోజే దిగాడు. దిగీ దిగగానే ఓ మిషను పెట్టాడు, పుట్టుబద్ధకం కదా, గడి ఖాళీగా వదిలేశాడు. యజమాని లేరు. ఇవాళ వాడు అక్క దగ్గరికే బండి మీద బయల్దేరాడు.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అంతలో వాళ్ళమ్మే ఫోన్ చేసింది.

"ఏవే, తమ్ముడున్నాడా నీ దగ్గర? ఫోనెత్తడేం?"

"లేడమ్మా" అనేసింది.

"ఛీ! నోరు కడుక్కో! నిండు మనిషిని పట్టుకుని లేడు అంటావేంటే? ఉత్తినే ఆ మాట అనకూడదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? పోయినవాళ్ళని అంటారే అలా. వస్తాడు అని అనాలి."

అమ్మ ఫోన్ పెట్టేసింది. పోయినవాళ్ళని అంటారే అలా. పేరు లేదు అనాల్సిందాన్ని నొక్కి నొక్కి తను చేసిన మాట అదా!

గడిలో తమ్ముడి పేరు తనే రాద్దామని చూసింది. ఒప్పుకోలేదు, గుర్తు మాటైతే ప్రశ్న రాస్తుంది గానీ పేరు మాత్రం చేసినవాళ్ళే రాయాలి కదా. ప్రశ్న ఆపేస్తే? ఆపినా రాసింది రాసినట్టే ఉంటుంది. ఇంక తన చేతిలో ఉన్నది ఆ ప్రశ్నలోని మాట ఒక్కటే. లేరు కొట్టేసి, "వస్తారు" అని పెట్టి, రాసిన గడులన్నిట్లోనూ మార్చమని నొక్కింది.

నొక్కాక చూసుకుంది. తమ్ముడొక్కడికే అని పెట్టాల్సింది. తొందరలో ఆ ముక్క పెట్టలేదు. తెర మీది మూడు వరసల్లోనూ, యజమాని వస్తారు, యజమాని వస్తారు.

కాసేపటికి తలుపు తోసుకుని తమ్ముడొచ్చాడు. మోచెయ్యి గీరుకుపోయింది, చొక్కా నిండా మట్టి.

"ఒరేయ్!"

"అరవకే, బతికే ఉన్నా. బండి జారింది. లారీ కిందకే పోవాల్సింది, ఎవరో కాలర్ పట్టి లాగినట్టు ఇవతల పడ్డా. నీళ్ళివ్వు ముందు." గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "అవునూ, మీ పొడుగాయనకి నామీద కోపమా? కింద లిఫ్టు దగ్గర నమస్తే అంటే పలకడేం? బాగా చిక్కిపోయాడు కూడా."

ఆమె తెర మీద పొడుగాయన వరస చూసింది. తన కుర్చీలోనే వాణ్ణి కూలేసి, "ముందు నీ మిషనుకి నీ పేరు రాయి" అంది.

"ఇప్పుడా? చెయ్యి మండుతోందే!"

"రాస్తావా, పీక పిసకనా?"

వాడు గొణుక్కుంటూ ఒంటిచేత్తో రాశాడు. తమ్ముడి వరస తెర మీంచి తప్పుకుంది. ఇంక వాడికి భయం లేదు. పోయిన ఇద్దరికీ పాత మాటే మళ్ళీ పెట్టేస్తే వచ్చినదారినే పోతారు. ఒక్క మాట. వాడి భుజం మీంచి వంగి లేరు అని రాసింది. ఇక నొక్కడమే మిగిలింది.

లిఫ్టు గంట మోగింది. గుమ్మంలో తల వంచి పొడుగాయన లోపలికొచ్చాడు. చెప్పుల చప్పుడు లేదు. తన పాత బల్ల దగ్గర ఆగి ఆమె తెర వంక చూశాడు, తర్వాత ఆమె వేలి వంక చూశాడు.

"రమ్మన్నావుగా అమ్మాయ్" అన్నాడు. "కూర్చోనా?"

ముఖం మీదే ఆ మాట ఎలా అంటుంది? వేలు గాల్లోనే ఉండిపోయింది.

"కూర్చోండి సార్" అంది.

ఆయన కూర్చున్నాడు. లిఫ్టు మళ్ళీ మోగింది, నడవాలో ఎవరో నవ్వుకుంటూ వస్తున్నారు.