ఆ సోమవారం బట్టలు ఉతకలేదు

సోమవారం అంటే బట్టల రోజు. వేల్స్ కొండల్లో ఆ పలకరాతి గని ఊళ్లో పెళ్లయిన ఏ ఆడదాన్ని అడిగినా వారాలను పనులతోనే చెబుతుంది. సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ, గురువారం రొట్టెలు. టెగ్వెన్ ఇరవై రెండేళ్ల కాపురంలో ఉతుకు తప్పిన సోమవారాలు మూడే మూడు, ఆ మూడూ పురుళ్ల వల్లే. అందుకని 1948 జూలై ఐదో తేదీ పొద్దున, రాగి కాగు కింద నిప్పు రాజెయ్యకుండా, చర్చికి పెట్టుకునే నల్ల టోపీ పెట్టుకుని ఆమె వీధి గుమ్మంలో నిలబడేసరికి, అత్తగారు మార్గెద్ నోటి దాకా తెచ్చుకున్న రొట్టెముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"ఎవరు పోయారు?" అని అడిగింది.

"ఎవరూ పోలేదత్తయ్యా. డాక్టరు దగ్గరికి వెళ్తున్నా."

"ఎవరికి బాగాలేదు?"

"నాకే" అంది టెగ్వెన్. ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టు ఆమెకే అనిపించలేదు.

ఆ ఇంట్లో డాక్టరు అనే మాట మగవాళ్లకు సంబంధించింది. గనిలో పనిచేసేవాడికి గని ఆసుపత్రి ఉంది, జీతంలో కోతకు బదులుగా వైద్యం ఉంది. భర్త ఇద్రిస్ వేలు నలిగినా, పెద్దాడి కంట్లో రాతిపొడి పడినా అక్కడే చూశారు. గనిలో పనిచేసేవాళ్లకు వండి, ఉతికి, నీళ్లు మోసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. వాళ్లు చేతి డబ్బుతో రుసుము ఇచ్చుకుంటేనే డాక్టరు చూసేవాడు, అందుకని వాళ్లకు జబ్బులే వచ్చేవి కావు. పైగా ఆమె పెళ్లికి ముందు ఒక గని డాక్టరు, మగవాళ్ల దగ్గులకు కారణం రాతిపొడి కాదనీ, వాళ్ల పెళ్లాలు పొయ్యి మీద గంటలకొద్దీ మరిగించే టీ అనీ చెప్పాడట. మార్గెద్ ఆ మాట చచ్చేదాకా నమ్మేటట్టే ఉంది. ఇద్రిస్ దగ్గినప్పుడల్లా కోడలి వైపు చూసి, "టీ కాస్త ముందే దింపరాదూ?" అంటుంది.

టెగ్వెన్ సంగతి ఇది. చిన్నది నెస్టా పుట్టిన నాలుగో రోజున సోమవారం వచ్చింది. ఆ వారం తప్పినా పై వారానికి లేచి, వీధి చివర కుళాయి నుంచి రెండు బకెట్లు ఎత్తింది. అప్పుడే లోపల ఏదో జారిన సంగతి ఆమెకు తెలిసింది. గర్భసంచి. ఆ రోజు నుంచి పన్నెండేళ్లుగా పాత దుప్పటి గుడ్డ మడిచి, బిగించి కట్టుకునే తిరుగుతోంది. మెట్లు ఎక్కితే బరువు, నిలబడితే బరువు, వంగి నేల తుడిస్తే మరీ బరువు. దగ్గినా తుమ్మినా గుడ్డ తడుస్తుంది కాబట్టి నవ్వడం మానేసింది. చర్చిలో పాదిరిగారు చమత్కారం చేసినా ఆమె పెదవి కదలదు. అందుకని ఊళ్లో ఆమెకు మహా గట్టి మనిషని పేరొచ్చింది. నడక నెమ్మదైనందుకు ఇంట్లో వేరే పేరుంది. "మీ అమ్మ కొండెక్కేలోపు గని మూసేస్తారు" అని ఇద్రిస్ పిల్లలతో అంటే పిల్లలతో పాటు మార్గెద్ కూడా నవ్వేది. ప్రేమగానే అనేవాడు. అదే బాధ.

ఎందుకంటే ఇద్రిస్ చెడ్డవాడు కాడు. గనిలో మధ్యాహ్నం భోజనాల పాకలో చర్చలకు పెద్ద అతనే. ఆ వసంతమంతా, జూలై ఐదు నుంచి అందరికీ ఉచితంగా వైద్యం ఇవ్వబోయే కొత్త చట్టం గురించి అక్కడ ఉపన్యాసాలు ఇచ్చాడు, ఇంట్లో భోజనాల దగ్గర వాటినే మళ్లీ ఇచ్చాడు. "ఇక ఈ దేశంలో చేతిలో చిల్లర లేక వైద్యం అందని మనిషి ఉండడు" అనేవాడు, చెంచా గాల్లో తిప్పుతూ. టెగ్వెన్ అతని వెనక నిలబడి బంగాళాదుంపలు వడ్డించేది. మనిషి అంటే తనకూ వర్తిస్తుందా అని చాలా రోజులు ఆలోచించింది. ఒకసారి అడిగింది కూడా. అతను ఆశ్చర్యపోయి, "అందరికీనే, నీకు మాత్రం ఎందుకు కాదూ?" అని, మళ్లీ పేపరు చదువుకున్నాడు. నీకేమైనా ఉందా అని అడగలేదు. అతనికి తట్టనే లేదు.

డాక్టరు ప్రోసర్ ఇంటి ముందు గదిలో ఆ పొద్దున ఊళ్లోని టోపీలన్నీ ఉన్నాయి. ఉతికే రోజున ఇంతమంది ఆడవాళ్లను బయట చూడటం ఆమెకదే మొదలు. ఎవరిని పలకరించినా దగ్గు కోసం వచ్చామనే చెప్పారు. దగ్గు మాత్రం ఎవరికీ రాలేదు. పక్కింటి హన్నా ఒక్కతే నిజం చెప్పింది. ఆమెకూ ఆమె అక్కకూ కలిపి ఒకటే కళ్లద్దాల జత. ఒక ఆదివారం ఈవిడ బైబిలు చదివితే, ఇంకో ఆదివారం ఆవిడ చదువుతుంది.

"మా అక్క ఇన్నాళ్లూ నాకు చదివి వినిపించిన వాక్యాలన్నీ సొంతంగా కల్పించినవని నా అనుమానం. ఇవాళ్టితో తేలిపోతుంది" అంది హన్నా.

గదిలో ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. పన్నెండేళ్ల తర్వాత టెగ్వెన్ కూడా నవ్వింది, మోకాళ్లు దగ్గరగా బిగించుకుని. ఎదురుగా కూర్చున్న ఇద్దరు కూడా సరిగ్గా అలాగే మోకాళ్లు బిగించుకుని నవ్వడం అప్పుడే చూసింది. వాళ్లూ ఆమెను చూశారు. దగ్గు కోసం వచ్చామన్న అబద్ధం ఇక అక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది.

ప్రోసర్ యుద్ధంలో పనిచేసి వచ్చిన కుర్ర డాక్టరు. ఆమె చెప్పింది విని, పరీక్ష చేసి, ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. పన్నెండేళ్లు అని చెబితే కలం కింద పెట్టేశాడు.

"ఈ పొద్దుట్నుంచి ఇదే జబ్బుతో వచ్చినవాళ్లలో మీరు ఏడోవారమ్మా" అన్నాడు. "మీరెవరూ ఒకరికొకరు చెప్పుకోలేదా?"

"చెప్పుకుంటే ఏం చేసేవాళ్లం డాక్టరుగారూ? అందరం కలిసి మోసేవాళ్లం, అంతేగా" అంది టెగ్వెన్.

ఆపరేషన్ అక్టోబరులో పట్నం ఆసుపత్రిలో జరిగింది. మూడు వారాలు మంచం మీదే. పగటిపూట తెల్లటి దుప్పటి కింద పడుకుని, ఎవరో తెచ్చిచ్చిన టీ తాగుతూ ఆమె కిటికీలోంచి మబ్బులు చూసింది. ఆ దుప్పటి ఎవరు ఉతికారో అని మొదటి రోజు బెంగపడి, రెండో రోజు మానేసింది. ఇద్రిస్ నుంచి ఉత్తరాలు వచ్చాయి. మొదటి దాంట్లో దేశ రాజకీయాలు, రెండో దాంట్లో గంజి ఎంతసేపు కాయాలి, మూడో దాంట్లో ఒకే ఒక్క వాక్యం: "టెగ్, బకెట్లు ఇంత బరువని నాకు తెలీదు." ఆ ఉత్తరం చదివి ఆమె వార్డంతా వినపడేలా నవ్వింది, మోకాళ్లు బిగించుకోకుండా. ఏమీ కాలేదు. ఏమీ కాలేదన్న ఆనందానికి ఇంకాసేపు నవ్వింది.

ఇంటికొచ్చాక ఒక పొద్దున మార్గెద్ వంటింటి తలుపు మూసి, కాసేపు తడబడి, "ఆ కుర్ర డాక్టరు ముసలివాళ్లను కూడా చూస్తాడా అమ్మాయ్?" అని అడిగింది. టెగ్వెన్ తెల్లబోయింది. ఎన్నేళ్లు అని అడిగితే, ఇద్రిస్ పుట్టినప్పటి నుంచి అని జవాబొచ్చింది. నలభై ఆరేళ్లు. కోడలి నడకను వెక్కిరించిన మనిషి అదే నడకను పొడుగు పావడా కింద దాచుకుని బతికింది. ఆ క్షణంలో టెగ్వెన్‌కు కోపం రావాల్సింది, రాలేదు. "టోపీ పెట్టుకోండత్తయ్యా" అంది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని కొండ దిగారు.

మరుసటి ఏడాది అక్టోబరులో పేపర్లు గగ్గోలు పెట్టాయి. వైద్యానికి అయిన ఖర్చు అంచనాను దాటిపోయిందట, జనం ఊరికే వస్తోంది కదా అని ఎగబడుతున్నారట, మందుల చీటీకి ఒక షిల్లింగు రుసుము పెడితే గానీ అదుపులో ఉండరట. ఊరి సభామందిరంలో మీటింగు పెట్టారు. షిల్లింగును సమర్థిస్తూ మంత్రిగారికి పంపాల్సిన తీర్మానం రాసింది ఇద్రిసే. అతని భయం నిజమైనదే. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి, ఖర్చు సాకుగా చూపి మొత్తం చట్టాన్నే ఎత్తేస్తారేమోనని నిద్రపట్టేది కాదు అతనికి. "కొంత వదులుకుంటేనే మిగతాది నిలుస్తుంది" అని వేదిక మీద చెప్పాడు. వెనక నుంచి ఒకాయన, కళ్లద్దాలు షోకైపోయాయని, ఆడవాళ్లు తీరిక దొరికితే చాలు డాక్టరు ఇంటికి బయల్దేరుతున్నారని అన్నాడు. మగవాళ్లు కొందరు నవ్వారు.

టెగ్వెన్ లేచి నిలబడింది. ఆ మందిరంలో ఆడది మాట్లాడటం ఎవరూ ఎరగరు. ఆమె గొంతు పెంచలేదు.

"అంచనాకు మించిన ఆ ఖర్చు ఏమిటో నాకు తెలుసు. అది నేనే" అంది. "లెక్క వేసినవాళ్ల తప్పేం లేదు. నిన్నటిదాకా డాక్టరు దగ్గరికి ఎంతమంది వెళ్లారో చూసి వేసుకున్నారు. మేం వెళ్లలేదు కాబట్టి మాకు జబ్బుల్లేవనుకున్నారు. షిల్లింగు పెడితే ఎవరు ఆగిపోతారో తెలుసా? మీరు ఆగరు, మేం ఆగనివ్వం. పిల్లలు ఆగరు, మేం ఆగనివ్వం. ఆగేది నేను. ఇదిగో ఈ హన్నా. మా అత్తగారు."

ముందు వరసలో మార్గెద్ వెనక్కి తిరగలేదు గానీ, టోపీ మాత్రం గట్టిగా పైకీ కిందికీ ఊగింది. అందరూ ఇద్రిస్ వైపు చూశారు. అతను తన తీర్మానాన్ని చాలాసేపు చూసుకున్నాడు. నిదానంగా ఆ పేజీ అడ్డంగా కొట్టేసి, కొత్త కాగితం తీసి, కలం సిరాలో ముంచాడు.

"మంత్రిగారికి ఏం రాయమంటావు?" అని అడిగాడు.

టెగ్వెన్ వరసల మధ్య నుంచి చకచకా నడిచి వేదిక ఎక్కి, అతని కుర్చీ పక్కన నిలబడింది.

"నువ్వు లే, ఇద్రిస్" అంది. "నేనే రాస్తాను."