పద్నాలుగో నంబరు బోల్టు

శివరాములు నూలుదారం కొసను నాలుకతో తడిపి, మెలిపెట్టి, కారు వెనక ఉన్న ఇనుప స్టాండుకు ముడి వేశాడు. ముందు స్టాండు దాకా లాగి వేలితో మీటాడు. బిగువు చెవికి తెలిసింది. సిరిసిల్లలో తండ్రి మగ్గం మీద పోగును ఇలాగే మీటి చూసేవాడు. కొడుకు ఇరవై రెండేళ్ళుగా అమీర్‌పేట షెడ్డులో దారం పట్టి కార్ల చక్రాలు సరిచేస్తున్నాడు. తండ్రి మగ్గం దగ్గర వాడిన చెక్క కండెకే దారం చుట్టుకుంటాడు. పొద్దున విప్పడం, సాయంత్రం చుట్టి జేబులో వేసుకోవడం.

సన్నటి మనిషి. నూనె పట్టిన ఖాకీ చొక్కా, నెరిసిన గడ్డం, నేల మీద ఆనీ ఆనీ కాయకట్టిన మోకాళ్ళు. ఆరు నెలల కిందట షెడ్డుకు కంప్యూటర్ మెషీను వచ్చింది. ఇక చేతిపని దేనికి? పైగా అతను చేసిన రెండు కార్లు తిరిగొచ్చాయి. యజమాని హనుమత్ప్రసాద్ చెడ్డవాడేం కాదు, కానీ నిన్న తేల్చి చెప్పేశాడు.

"ఏంటి శివరాములూ ఇది? ఇంకొక్క కారు తేడాగా వెళ్ళిందంటే నేనేం చెయ్యలేను."

ఆ ఇంకొక్క కారే ఇది. పంజాగుట్టలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వంశీధర్ దీన్ని నేలకు జానెడు ఎత్తు కూడా లేకుండా దింపించాడు. మెషీను మీదికి ఎక్కిస్తే పొట్ట తగులుతోంది. ఎల్లుండి చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద తోలుతాడట. మలుపులో టైరు నేలను గట్టిగా పట్టాలంటే ముందు చక్రాల తలలు లోపలికి వాలాలి. రెండు పక్కలా ఒకే కొలత, పద్నాలుగు మిల్లీమీటర్లు.

వంశీధర్ బరువుకు సరిపడా ఇసుక మూటలు డ్రైవరు సీటులో పెట్టి, శివరాములు చక్రం పక్కన, చివర బరువు కట్టిన గుండుదారం వేలాడదీశాడు. దారం చక్రం అంచుకు కింద ఆనాలి, పైన పద్నాలుగు ఖాళీ ఉండాలి. స్కేలు పెట్టి చూడాలి. అక్కడే వచ్చింది చిక్కంతా. స్కేలు మీద గీతలు అతనికి కనబడక ఏడాదైంది. చక్కెర జబ్బు కంటి లోపలి పొరను తినేసిందనీ, ఆపరేషన్‌తో చూపు రాదనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట భార్య కాంతవ్వకు కూడా చెప్పలేదు.

పొట్టకూటి కోసం మనిషి ఏం కనిపెట్టడు! పద్నాలుగో నంబరు బోల్టు తల అడ్డంగా సరిగ్గా పద్నాలుగు మిల్లీమీటర్లు. దాన్ని సందులో పెట్టి వేలితో తడిమితే చాలు. కళ్ళతో పనేముంది? కుడి చక్రం అలాగే సరిచేశాడు. టీ తాగొచ్చి, డబ్బాలోంచి మళ్ళీ బోల్టు తీసుకుని ఎడమ చక్రమూ పూర్తిచేశాడు.

నాలుగింటికి వంశీధర్ వచ్చాడు. "అయిపోయిందా శివరాములు గారూ?"

"అయింది సార్. ఫికర్ లేదు."

హనుమత్ప్రసాద్ భుజం తట్టాడు. ఎన్నాళ్ళకో శివరాములు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. సామాను సర్దుతూ, అలవాటు కొద్దీ, జేబులోని బోల్టును పద్నాలుగో పానాలో పెట్టాడు. పానా దాని చుట్టూ లొడలొడ తిరిగింది.

పన్నెండో నంబరు బోల్టు. ఎడమ చక్రాన్ని దీంతోనే కొలిచాడు.

బోల్టు తలను మళ్ళీ తడిమాడు; తేడా వేళ్ళకు అందలేదు. నెల రోజులుగా వేళ్ళ చివర్లు తిమ్మిరిగా ఉంటున్నాయి. చలి అనుకున్నాడు. కాదు, జబ్బు చేతుల దాకా వచ్చేసింది. ఇక ఏం మిగిలింది తన దగ్గర?

కారు స్టార్టయింది. నిజం చెప్పాలంటే అతను ఊరుకుందామనే అనుకున్నాడు. ఎవరికి తెలుస్తుంది? కానీ అంత వేగంలో బ్రేకు కొడితే బండి పక్కకు లాగుతుంది. లోపల ఉన్నది ఇసుక మూట కాదు. శివరాములు గేటు దగ్గరికి పరుగెత్తి బానెట్ మీద రెండు చేతులూ పెట్టాడు.

"ఆగుండ్రి సార్. ఎడమ చక్రం తప్పువడ్డది."

"స్కేలు పెట్టి చూడలేదా?" హనుమత్ప్రసాద్ గొంతు పెద్దదైంది.

"స్కేలు నాకు కనవడది సార్. ఏడాదాయె. బోల్టు వెట్టి చూస్తున్న. ఇయ్యాల చేతులు సుత మోసం జేసినయి."

కారును మళ్ళీ దారాల మధ్యకు తోశారు. ఇస్త్రీ ప్యాంటుతోనే హనుమత్ప్రసాద్ నేల మీద మోకాళ్ళూని స్కేలు పట్టుకున్నాడు. "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు." ఆ మాటల ప్రకారం శివరాములు పానా తిప్పాడు. తన కొలత ఇంకొకరు చదవడం ఇరవై రెండేళ్ళలో ఇదే మొదలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

వంశీధర్ రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

"రేపు..." అని హనుమత్ప్రసాద్ ఆగిపోయాడు.

"రాను తియ్ సార్." శివరాములు చేతులు తుడుచుకున్నాడు. "కాంతవ్వకు ఏం జెప్పాల్నో సమజ్ అయితలేదు, గంతే."

చెప్పులు కాలితో వెతుక్కుని తొడుక్కున్నాడు. కోచింగ్ సెంటర్లు వదిలిన వేళ, సందు నిండా పిల్లలు. గోడ పట్టుకుని నడుస్తూ ఆ గుంపులో కలిసిపోయాడు.

షెడ్డులో కారు ఖాళీ చేసిన చోటుకు రెండు పక్కలా నూలుదారాలు ఇంకా బిగువుగానే ఉన్నాయి. ముందు స్టాండుకు, ఆ సాయంత్రం ఎవరూ చుట్టని తండ్రి కండె వేలాడుతోంది.